గొర్రెల మందకూ రాజాస్థానానికీ మధ్య దారి

దావీదు అనగానే మనకు గుర్తొచ్చేది వడిసెల, అయిదు నున్నని రాళ్లు, నేలకొరిగిన గొల్యాతు. సండే స్కూలుకు వెళ్లే పిల్లవాడు కూడా ఆ కథను గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. అయితే అదే అధ్యాయంలో యుద్ధానికి ముందు, మనం చదువుతూ చదువుతూ దాటేసే ఒక చిన్న వచనముంది. దావీదు సౌలు కొలువుకు వెళ్తూ, మళ్లీ బేత్లెహేముకు తిరిగివచ్చి తన తండ్రి గొర్రెల్ని మేపుతూ ఉండేవాడని అది చెబుతుంది (1 సమూయేలు 17:15). రాజు ఎదుట సితారా వాయించిన చేతులే ఇంటికొచ్చి గొర్రెల కర్ర పట్టుకునేవి. అక్కడ రాజమర్యాదలు, ఆయుధాలు, సేనాధిపతులు. ఇక్కడ మంద వాసన, ముసలి తండ్రి, తమ్ముణ్ని తేలిగ్గా చూసే అన్నలు. సౌలు ఊరైన గిబియాకూ బేత్లెహేముకూ మధ్య సుమారు 15 కిలోమీటర్ల దూరం. ఆ దారిలో దావీదు ఎన్నిసార్లు నడిచాడో బైబిలు లెక్క చెప్పలేదు. కాని దేవుడు తాను ఏర్పరచుకున్నవాణ్ని సింహాసనం మీద కూర్చోబెట్టేముందు కొంతకాలం ఆ దారిలో తిప్పాడన్నది మాత్రం స్పష్టం.

ఈనాటి మాటల్లో చెప్పాలంటే దావీదు డే స్కాలర్. మన సంఘాల్లో ఇలాంటి దావీదులు ఎందరో ఉన్నారు. ఇంటర్ పూర్తయి, కౌన్సెలింగ్‌లో సీటొచ్చి, హాస్టల్ ఫీజు కట్టే స్తోమత లేకనో, ఇంట్లో అవసరం వల్లనో, ఆడపిల్లను దూరం పంపడానికి పెద్దలు జంకడం వల్లనో ఊరి నుంచే కాలేజీకి వెళ్లొచ్చే పిల్లలు. తెల్లవారుజామున అయిదింటికి లేచి, క్యారియర్ సర్దుకుని, ఆరున్నర బస్సు కోసం రోడ్డు మీద నిలబడతారు. సాయంత్రం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేస్తారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితమైంది. మగపిల్లలకు స్టూడెంట్ పాసుంది. పేద కుటుంబానికి ఇది చిన్న మేలు కాదు. అయినా టికెట్ భారం తగ్గినంత మాత్రాన దూరం తగ్గదు, అలసట తగ్గదు.

బయటినుంచి చూసేవారికి ఇది పెద్ద విషయంగా కనబడదు. 'ఇంటి తిండి తింటున్నాడు, అమ్మానాన్నల కళ్లెదుట ఉన్నాడు, వీడికేం కష్టం?' అంటారు. కాని మొదటి సెమిస్టర్ ఈ పిల్లల మీద ఎంత బరువు మోపుతుందో పెద్దలకు తెలియాలి. ఇంటర్‌లో ఏడాదికోసారి పబ్లిక్ పరీక్ష. పొద్దున్నుంచి రాత్రి దాకా లెక్చరర్లు దగ్గరుండి చదివించేవారు. కాలేజీలో ఆ పద్ధతి ఉండదు. సెమిస్టర్‌కు పనిదినాలు దాదాపు 90. అందులోనే రెండు మిడ్ పరీక్షలు, అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డులు, చివరి పరీక్షలు. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం థియరీ సబ్జెక్టుల్లో నూటికి 40 మార్కులు సెమిస్టర్ మధ్యలోనే తేలిపోతాయి. చివర్లో కూర్చుని గట్టెక్కేద్దామంటే కుదరదు. దీనికి తోడు ఇంగ్లిషు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులు కూడా ఇంగ్లిషు మీడియంలోకి మారాయి. తెలుగులో చదివొచ్చిన పిల్లవాడు మొదటి నెలంతా క్లాసులో తల వంచుకునే కూర్చుంటాడు. సందేహం ఉన్నా లేచి అడగలేడు.

హాజరు లెక్క కూడా చూద్దాం. జేఎన్‌టీయూ కాలేజీల్లో నూటికి 75 శాతం హాజరుండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే అనారోగ్యం వంటి సరైన కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు కోరవచ్చు. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలకే కూర్చోనివ్వరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ హాజరే ఆధారం. ఇప్పుడు ఒక బస్సు రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తుందనుకోండి. రోజుకు ఏడు పీరియడ్లలో మొదటిది పోతుంది. ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండానే నూటికి 14 శాతం హాజరు పోయినట్టే. ఇక మిగిలిన వెసులుబాటు 11 శాతం. జ్వరం, వాన, బంధువుల ఇంట్లో పెళ్లి అన్నీ ఆ పదకొండులోనే సర్దుకోవాలి. సోమరితనమేమీ లేకుండానే ఒక మంచి విద్యార్థి ఇలా ప్రమాదంలో పడతాడు. అందుకే మొదటి వారంలోనే బస్సు సంగతి హెచ్‌ఓడీకో క్లాస్ ఇన్‌ఛార్జికో వివరంగా చెప్పుకోవాలి. అంతకన్నా ముందటి బస్సుకు మారే వీలుందేమో చూసుకోవాలి. చెప్పుకోవడానికి సిగ్గుపడి ఊరుకుంటే నవంబరులో నోటీసు బోర్డు మీద పేరు కనబడుతుంది.

లెక్కలకు అందని భారం ఇంకొకటుంది. డే స్కాలర్ ఎక్కడా పూర్తిగా ఇమడడు. సాయంత్రం నాలుగున్నర తర్వాత కాలేజీలో జరిగేదేదీ అతనికి తెలియదు. స్నేహాలు కుదిరేదీ, పాత ప్రశ్నపత్రాలు చేతులు మారేదీ హాస్టల్ గదుల్లోనే. ఇటు ఊళ్లోనేమో పాత స్నేహితులు పనుల్లో పడిపోయారు. 'ఇంజనీరు గారు వస్తున్నారండోయ్' అని వేళాకోళాలు. ఇంట్లో పనులు తప్పవు, సంఘంలో బాధ్యతలు తప్పవు. దావీదుకూ ఇదే జరిగింది. అన్నల క్షేమం కనుక్కుని, రొట్టెలిచ్చి రమ్మని తండ్రి పంపితే వెళ్లినవాణ్ని పెద్దన్న ఏలీయాబు అందరిముందూ కసురుకున్నాడు. అడవిలోని ఆ కాసిని గొర్రెల్ని ఎవరి పాలు చేసి వచ్చావని నిలదీశాడు (17:28). పాలెంలో అతను గొర్రెల కాపరి. గొర్రెల దగ్గరేమో బాధ్యత వదిలేసి వచ్చినవాడు. రెండు చోట్లా నిందే.

అయితే ఏలీయాబు ప్రశ్నకు జవాబు అంతకుముందే ఉంది. దావీదు ఉదయాన్నే లేచి, గొర్రెల్ని మరో కాపరికి అప్పగించి బయలుదేరాడు (17:20). ఈ మాటను మన సంఘాలు శ్రద్ధగా గమనించాలి. దావీదు మందను గాలికొదిలేయలేదు. అలాగని మందను పట్టుకుని వేలాడుతూ తండ్రి అప్పగించిన పనినీ మానుకోలేదు. తన వంతు బాధ్యతను కొద్దిసేపు మోయడానికి మరొకరున్నారు కాబట్టే అతడు ఏలా లోయకు వెళ్లగలిగాడు. ఆ కాపరి పేరు బైబిల్లో లేదు. అతను ఆరోజు సరేనని ఉండకపోతే దావీదు మంద దగ్గరే ఉండిపోయేవాడు.

మన సంఘంలో ఆ కాపరి ఎవరు? చాలా కాలేజీల్లో మొదటి సెమిస్టర్ పరీక్షలు డిసెంబరు, జనవరి నెలల్లో పడతాయి. సరిగ్గా అప్పుడే సెమీ క్రిస్మస్‌లు, క్వయర్ ప్రాక్టీసులు, ఇంటింటికీ తిరిగే క్యారల్స్, స్టేజీ అలంకరణ. కీబోర్డు వాయించేదీ, సండే స్కూలు పిల్లలకు నాటిక నేర్పేదీ, సౌండ్ సిస్టమ్ చూసేదీ చదువుకునే పిల్లలే. సంఘంలో చురుగ్గా ఉండే పిల్లవాడి మీదే పనులన్నీ పడతాయి. పొద్దునంతా బస్సు, కాలేజీ. రాత్రి పదకొండు దాకా క్యారల్స్. మర్నాడు పరీక్ష. ఆ వారం అతను రాకపోతే 'చదువొచ్చి ప్రభువును మరచిపోయాడు' అనే మాట ఎవరో ఒకరి నోటి నుంచి వస్తుంది. ఏలీయాబు మాట లాంటిదే ఇది కూడా. చదువు కోసం క్వయర్ ప్రాక్టీసు మానిన పిల్లవాడు విశ్వాసం మానినట్టు కాదు. ఆ పది రోజులూ అతని కీబోర్డు ఇంకొకరు వాయించాలి. వాయించేవారు లేకపోతే ఆ ఏడు పాటలు కీబోర్డు లేకుండానే పాడదాం. దేవుడేమీ అనుకోడు.

ఇంకో సంగతి. చదువుకూ విశ్వాసానికీ పొత్తు కుదరదని కొందరు విశ్వాసుల్లో ఇప్పటికీ ఒక భయముంది. మన చరిత్ర తెలిసినవారికి ఆ భయం ఉండనక్కరలేదు. 1841లో మచిలీపట్నం వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ పాఠశాల తెరిచాడు. అదే తర్వాత నోబుల్ కాలేజీ అయ్యింది. గుంటూరులో లూథరన్ మిషన్ 1885లో స్థాపించిన విద్యాసంస్థ నేటి ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ. మిషనరీలు అడుగుపెట్టిన ఊళ్లలో మందిరం పక్కనే బడి లేచింది. ఆ బళ్ల వల్ల మన తాతల్లో చాలామంది మొదటిసారి అక్షరం ముఖం చూశారు. వారి మనవలు ఇవాళ కాలేజీ మెట్లెక్కుతుంటే, వారి చదువు సంఘానికి భారం కాకూడదు. దానియేలును చూడండి. అన్యదేశంలో కల్దీయుల భాష, విద్య మూడేళ్లు నేర్చుకోవలసి వచ్చింది (దానియేలు 1:4-5). పరాయి భాష అని ముఖం తిప్పుకోలేదు. రాజు భోజనం విషయంలో గీత గీసుకున్నాడు గాని పాఠం విషయంలో గీసుకోలేదు. ఇంగ్లిషు చూసి బెదిరే విద్యార్థులకు దానియేలు మంచి తోడు. రోజుకు పది కొత్త మాటలు, ఒక పేజీ పైకి చదవడం, తప్పులొచ్చినా క్లాసులో ఒక ప్రశ్న అడగడం. ఈ మూడూ మూడు నెలలు చేస్తే భయం చాలావరకు పోతుంది.

ఇక ప్రయాణం. రోజుకు మూడు గంటలు బస్సులోనో ప్యాసింజర్ రైల్లోనో గడిస్తే 90 రోజుల సెమిస్టర్‌లో అది 270 గంటలు. అంతా వృథాయేనా? అపొస్తలుల కార్యాల్లో ఐతియొపీయుడైన నపుంసకుడు యెరూషలేము నుంచి తిరిగి వెళ్తూ రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతున్నాడు (8:28). సువార్త అతనికి దారిలోనే అందింది. చదువుతున్నది అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, వివరించేవారు లేకపోతే ఎలా అర్థమవుతుందని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. పెద్ద హోదాలో ఉన్న అధికారి, అయినా తెలియదని చెప్పడానికి సిగ్గుపడలేదు. విద్యార్థికి ఇందులో రెండు పాఠాలున్నాయి. దారిలో చదవవచ్చు, అర్థం కానిదాన్ని అడగవచ్చు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ కూడా గుర్రం మీద వెళ్తూ, కళ్లెం వదులుగా వదిలి పుస్తకం చదువుకునేవాడు. అలా జీవితమంతా ప్రయాణాల్లో గడిపినా ఎంతో చదివాడు, ఎంతో రాశాడు.

కాని మన బస్సు వెస్లీ గుర్రం కాదన్నది కూడా నిజమే. నిలబడటానికే చోటుండదు. గతుకుల రోడ్డులో పుస్తకం చూస్తే కళ్లు తిరుగుతాయి. అలాంటప్పుడు ఇంట్లో రాసిపెట్టుకున్న సూత్రాల చీటీ చాలు, విన్న పాఠాన్ని మనసులో తిరగేసుకోవడం చాలు. ఒక వాక్యం ధ్యానించుకుంటూ వెళ్లినా మంచిదే. కునుకు పట్టినా తప్పులేదు. రోజంతా జనులకు బోధించిన యేసుప్రభువు సాయంత్రం దోనెలో తలగడ మీద తల వాల్చి నిద్రపోయాడు (మార్కు 4:38). తుపానులో కూడా లేవనంతగా అలసిపోయాడు. అలసట అవిశ్వాసం కాదు. ఆ అలసట శరీరమున్న ప్రతివారికీ ఉండేదే. రాత్రి రెండు దాకా మేల్కొని చదివే హాస్టల్ స్నేహితుణ్ని చూసి, అయిదింటికి లేవాల్సిన డే స్కాలర్ కూడా అలాగే చేయబోతే వారం రోజుల్లో మంచం పడతాడు. సౌలు తన శిరస్త్రాణం, యుద్ధకవచం తొడిగిస్తే దావీదు నాలుగడుగులు వేసి చూసి, అలవాటు లేదని తీసేశాడు (17:39). ఎవరి కవచం వారిదే. డే స్కాలర్ టైమ్‌టేబుల్ వేరు. కాలేజీలో ఖాళీ పీరియడ్ దొరికితే అది క్యాంటీన్‌ది కాదు, లైబ్రరీది. రికార్డు పని ఇంటికి మోసుకురాకుండా అక్కడే ముగించుకుంటే రాత్రి తొమ్మిదిన్నరకు నిశ్చింతగా పడుకోవచ్చు.

తల్లిదండ్రులకూ ఒక మాట. రూతు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బోయజు పొలంలో పరిగె ఏరి, తూమెడు యవలు దుళ్లగొట్టుకుని ఇంటికొచ్చింది. యవలు నయోమి కళ్లెదుటే ఉన్నాయి. అయినా ఆమె కొలత గురించి మాట్లాడలేదు. ఇవాళ ఎక్కడ ఏరుకున్నావు, ఎక్కడ పనిచేశావు అని అడిగింది. కోడల్ని ఆదరించినవారెవరోగాని వారికి దీవెన కలగాలంది (రూతు 2:19). ఆ ప్రశ్న అడిగిన ఇంట్లో రూతు మనసు విప్పి జరిగినదంతా చెప్పింది. మనమేమో పిల్లలు గడప దాటి లోపలికి రాగానే 'మిడ్‌లో ఎన్నొచ్చాయి?' అంటాం. తక్కువొస్తే పక్కింటి పిల్లవాడి ర్యాంకు తెస్తాం. అందుకే చాలా ఇళ్లలో పిల్లలు 'బాగానే ఉంది నాన్నా' అన్న ఒక్క మాటతో తలుపు మూసేస్తారు. ఆ తలుపు వెనక రెండు సబ్జెక్టులు పోయి ఉండవచ్చు. స్నేహితులు లేక ఒంటరిగా భోంచేస్తూ ఉండవచ్చు. కాలేజీకని బయలుదేరి బస్టాండులోనే కూర్చుని తిరిగి వస్తూ ఉండవచ్చు. నాన్న కూలి డబ్బుల్ని తాను పాడుచేశానన్న అపరాధ భావం పిల్లవాణ్ని ఎంత లోతుకు తోస్తుందో చెప్పలేం. ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు, ఏ క్లాసు నచ్చింది, మధ్యాహ్నం ఎక్కడ తిన్నావు అని అడిగి చూడండి. మార్కుల సంగతి పిల్లలే చెబుతారు.

సబ్జెక్టు పోయిందని తెలిస్తే ఏం చేయాలి? ముందుగా దాన్ని దేవుని శాపమనకండి, ప్రార్థన తక్కువై పోయిందనీ అనకండి. ప్రార్థన చదువుకు బదులు కాదు. పాసైనవాళ్లంతా ప్రార్థనాపరులూ కారు. పోయిన సబ్జెక్టుకు సప్లిమెంటరీ ఉంది. మళ్లీ కట్టి రాయవచ్చు. మొదటి సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్ పడి, చివరి ఏడాదికి చక్కగా గట్టెక్కిన పిల్లలు ప్రతి కాలేజీలో ఉన్నారు. మూడుసార్లు బొంకిన పేతురుతో, తిరిగి లేచిన ప్రభువు గడచినదాని లెక్క తీయలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగి, గొర్రెల్ని మేపమని పని అప్పగించాడు (యోహాను 21). ఒక్క పరీక్షతో మనిషి విలువ తేలిపోదు. బతకాలని లేదన్న మాట పిల్లల నోటి వెంట వస్తే మాత్రం ఉపన్యాసాలు కట్టిపెట్టి పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి. కేంద్రప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

సంఘం చేయగలిగినవి ఇంకా ఉన్నాయి, వీటికి పెద్ద నిధులూ అక్కరలేదు. మన మందిరాలు వారంలో చాలా సాయంత్రాలు తాళాలతోనే ఉంటాయి. ఒక్క గదిలో చదువుకునే ఇంట్లో టీవీ మోత, వచ్చేపోయే చుట్టాలు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా మందిరం తెరిచి, రెండు ట్యూబులైట్లు, ఒక ఫ్యాను, నాలుగు బల్లలు వేస్తే చాలు. సంఘంలో ఉన్న టీచరో, ఉద్యోగంలో ఉన్న ఇంజనీరో వారానికి ఒక సాయంత్రం వచ్చి కూర్చుంటే లెక్కలూ ఇంగ్లిషూ దారికొస్తాయి. సీనియర్ విద్యార్థులు తమ పాత పుస్తకాలు, ప్రశ్నపత్రాలు సంఘంలోనే ఒక అలమరలో పెడితే కొత్తవారికి హాస్టల్ గదుల వెంట తిరిగే పని తప్పుతుంది. పాస్టరుగారు పగలు ఇళ్లు దర్శిస్తే డే స్కాలర్ ఎన్నడూ కనబడడు. శనివారం రాత్రి ఎనిమిది తర్వాత వెళ్తే కనబడతాడు. యవ్వనస్థుల కూటం పరీక్షల వారంలో ఆపేయవచ్చు, లేదా అరగంటకు కుదించి వారి కోసం ప్రార్థించి పంపేయవచ్చు. స్టేజీ మీద ర్యాంకర్లకు శాలువా కప్పే సంఘం, తప్పినవాడి ఇంటికి కూడా ఆ వారమే వెళ్లాలి.

ప్రియ విద్యార్థీ, ఇంటి పనీ, పొలం పనీ, బస్సు ప్రయాణం నిన్ను వెనక్కి లాగుతున్నాయని అనిపిస్తోందా? గొల్యాతు ముందు నిలబడినప్పుడు దావీదు రాజాస్థానంలో నేర్చినదాన్ని చెప్పుకోలేదు. మందను మేపుతుండగా సింహాన్ని, ఎలుగుబంటిని చంపిన సంగతి చెప్పాడు. అక్కడ కాపాడిన దేవుడు ఇక్కడా కాపాడతాడన్నాడు (17:34-37). నువ్వు ఇంట్లో నేర్చుకుంటున్న ఓర్పు, సమయపాలన, ఉన్నదాంట్లో సర్దుకోవడం ఏ సిలబస్‌లోనూ లేవు. అవి రేపు నీకు పనికొస్తాయి. ఈ రాకపోకలు కూడా ఎల్లకాలం ఉండవు. దావీదును సౌలు ఆ తర్వాత తండ్రి ఇంటికి తిరిగి వెళ్లనివ్వలేదని రాసి ఉంది (18:2). నీకూ ఒకరోజు వస్తుంది. ఉద్యోగం కోసమో పైచదువుకో ఊరు విడిచి వెళ్తావు. అమ్మ కట్టిన క్యారియర్, నాన్న టార్చిలైటుతో నీకోసం బస్టాపు దాకా వచ్చే రాత్రులు అప్పుడుండవు. ఉన్నన్నాళ్లూ వాటికి కృతజ్ఞత చెప్పుకో. కష్టం దాచకు. ఇంట్లో ఒకరికి, కాలేజీలో ఒకరికి, సంఘంలో ఒకరికి ఉన్నదున్నట్టు చెప్పు.

మన రాకపోకలన్నిటిలో ఇప్పటినుంచి నిరంతరం కాపాడేవాడు యెహోవాయేనని 121వ కీర్తన మనకు ధైర్యం చెబుతోంది. యెరూషలేముకు నడిచివెళ్లే యాత్రికుల కోసం రాసిన కీర్తన అది. ఆరున్నర బస్సెక్కే పిల్లలకూ అదే వాగ్దానం. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం మెట్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి, మొదటి ఏడాది చదువుతున్న పిల్లలు మన సంఘంలో ఎందరున్నారో లెక్కపెట్టండి. వారి పేర్లు తెలుసుకోండి. వారి పరీక్షల తేదీలు కనుక్కుని ప్రార్థన పుస్తకంలో రాసుకోండి. ఆ రోజుల్లో వారి మందను కాసేపు మనం కాద్దాం. ఆమేన్.